తీసేసినవి

"నలభై ఒకటి. నలభై ఒకటి, మూడో గది."

మైకు మీట మీంచి వేలు తీసి, ఆమె ఫ్లాస్కులోంచి ఒక గుక్క వేడినీళ్ళు తాగింది. గాజుపలక అవతల వరసగా కూచున్నవాళ్ళు చేతుల్లో చీటీలు తడుముకున్నారు. సగంమందికి ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది. కళ్ళ ఆసుపత్రి కదా మరి! బోర్డు మీద అంకెలు కనపడేవాళ్ళయితే అక్కడికెందుకొస్తారు? అందుకే నంబర్లు పిలవడానికి పంతొమ్మిదేళ్ళుగా ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి ఈమే.

దాన్ని గది అనడం మర్యాదకే. కుర్చీ వెనక్కి జరిపితే గోడ, ముందుకు జరిపితే మైకు. బయటికి రావాలంటే ముందు లేచి నిలబడి, కుర్చీ మడిచి, గోడకి ఆనించి, అప్పుడు తలుపు లాగాలి. చేరిన కొత్తలో ఊపిరాడేది కాదు. వారం తిరక్కుండా మానేస్తానని ఇంట్లో చెప్పింది కూడా. ఆ వారం పంతొమ్మిదేళ్ళు సాగి, ఇవాళ్టితో తిరిగింది.

"నలభై రెండు" అనబోతే గొంతులో ఇసుక అడ్డుపడ్డట్టయింది. రెండోసారికి పలికింది. ఆ నలభై రెండు ఒక ముసలావిడ. మూడో గదికి పోకుండా గోడ పట్టుకుని తిన్నగా గాజుపలక దగ్గరకొచ్చి, పైసలిచ్చే కంతలాంటి ఆ చిన్న కిటికీలోకి మొహం పెట్టింది.

"అమ్మాయ్, నువ్వు బిస్కెట్ పాపవు కదూ? మా మనవరాలు ఫోన్లో పెడుతుంది. గొంతు పోల్చాను. ఒక్కసారి అనవూ, నీకు పుణ్యముంటుంది!"

ఆరేళ్ళప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళి, రేడియోలో ఒక బిస్కెట్ల కంపెనీ ప్రకటనకి ఆమె పాడింది పదకొండే పదకొండు సెకన్లు. 'ఒకటి నాకు, ఒకటి నీకు, మిగిలినవన్నీ మళ్ళీ నాకు!' అంతే. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. బిస్కెట్లు ఎలా ఉండేవో తిన్నవాళ్ళకే గుర్తు లేదు. పాట మాత్రం జిగురులా పట్టుకుంది. బళ్ళో బిస్కెట్ పాప, పెళ్ళిచూపుల్లో బిస్కెట్ పాప, ఆసుపత్రిలో బిస్కెట్ పాప. ఇప్పుడామెకి యాభై మూడు. ఇంకో రెండు నెలల్లో అమ్మమ్మ కాబోతోంది.

ఆమె అటూ ఇటూ చూసింది. మెడ కాస్త పైకెత్తి, ఆ పలచటి గొంతు తెచ్చుకుని పాడింది. నొప్పి చెవి దాకా పాకింది. 'మళ్ళీ నాకు' దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు. ముసలావిడకి అది చాలు. ఒంటికంటితో నవ్వుకుంటూ మూడో గదికి పోయింది.

పక్క కౌంటరులో మందులిచ్చే ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. "దాచుకోమని డాక్టరు చెప్పాడా లేదా? నువ్వేమో అడిగినవాళ్ళకల్లా పంచిపెడుతున్నావు."

"దాచుకుని ఏం చేసుకోను?" అందామె. "రేపటికి విరిగిపోయే పాలు. ఎవరో ఒకరు తాగనీ."

మూడు వారాల కింద, వేరే ఆసుపత్రిలో, గొంతు డాక్టరు చాలాసేపు కాగితాలు చూసి, "స్వరపేటిక మొత్తం తీసెయ్యాలమ్మా" అన్నాడు. ప్రాణానికి భయం లేదట. గొంతు కింద చిన్న కన్నం పెడతారట, అందులోంచి ఊపిరి పీల్చుకోవాలి. మాట మాత్రం ఉండదు. ఆపరేషను రేపు పొద్దున్నే. "పేటిక అంటే పెట్టేగా, మా ఇంట్లో ఇంకోటుంది డాక్టరుగారూ, అది తీసేస్తే సరిపోదా?" అందామె. ఆయన నవ్వలేదు. పక్కన కూచున్న భర్తా నవ్వలేదు. భర్త తన చేతిలోని ఫైలుకి వంకరగా ఉన్న పిన్నును బొటనవేలి గోటితో సరిచేస్తూ కూచున్నాడు.

ఆ ఇంకో పెట్టె ఆమె వీడియోల ఛానెలు. పేరు 'అప్పటి పెట్టె'.

నాలుగున్నరకి ఆఖరి చీటీ మిగిలింది. "నూట పన్నెండు. నూట పన్నెండు, ఒకటో గది." ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఊడ్చేవాడు చీపురు ఆపి, ఖాళీ కుర్చీలకేసి చూసి, "వెళ్ళిపోయినట్టున్నారమ్మా" అన్నాడు. ఆమె కుర్చీలోంచి దిండు, బల్ల మీంచి ఫ్లాస్కు తీసుకుంది. సన్మానాలు, దండలు వద్దని ముందే అందరికీ చెప్పేసింది. కుర్చీ మడిచి గోడకి ఆనించి బయటికొచ్చింది.

ఇంట్లో పడకగది మూల 'అప్పటి పెట్టె' ఉంటుంది. ఒక బల్ల, దాని మీద క్యాసెట్ల టేపురికార్డరు, సిరాబుడ్డి, బబుల్‌గమ్ కాగితాల్లో వచ్చిన బొమ్మలు అంటించిన పుస్తకం, మెడ విరిగిన టీవీ యాంటెన్నా. వాటన్నిటి మధ్య పసుపురంగు రేకు డబ్బా. ఆనాడు పాడినందుకు కంపెనీ వాళ్ళిచ్చిన బిస్కెట్ల డబ్బా అది. బిస్కెట్లు ఆ సాయంత్రానికే అయిపోయాయి. ప్రతి వీడియోలోనూ డబ్బా కనపడుతుంది. అందులో ఏముందని చూసేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. "గాలి! అప్పటి గాలి!" అంటుంది పాప గొంతుతో. మూత తుప్పుపట్టి బిగిసిపోయిందని ఆమె ఏళ్ళ తరబడి పైపైనే తుడుస్తోంది.

కూతురు చదువుకోసం హాస్టలుకి పోయినప్పుడు ఇల్లు బోసిపోయి, పాత వస్తువులు చూపిస్తూ ఊరికే సరదాకి ఛానెలు మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళయింది. చూసేవాళ్ళు లక్షల్లోకి పోయారు. అందరికీ మొదట ఆ పదకొండు సెకన్లు కావాలి, ఆపైన అంతా ఆ గొంతులోనే కావాలి. ఒకసారి మామూలుగా మాట్లాడితే, 'పాప ఏది అక్కా?' అని మూడువందల మంది అడిగారు. మానేద్దామని నాలుగుసార్లు అనుకుంది. అనుకున్నప్పుడల్లా ఏదో ఒక ఉత్తరం. 'మా అమ్మ పోయింది. నీ పాట వింటే వంటింట్లో ఆమె ఉన్నట్టుంటుంది' అని ఒకావిడ రాసింది. అలాంటిది చదివాక ఎలా మానేస్తావు? పులి మీద సవారీ, దిగడానికి లేదు. ఈ ఆర్నెల్లుగా, 'జలుబా అక్కా?' అని అడుగుతున్నారు. ఆపరేషను సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. బిస్కెట్ పాపకి గొంతు తీసేస్తున్నారని ఏ మొహంతో చెప్తుంది?

వీడియోలు అతికేది భర్త. ఆయన పుస్తకాలు బైండు చేస్తాడు. పుస్తకం కుట్టి, అంచులు కోసి, అట్ట వేసే చెయ్యి. అందుకే కంప్యూటరులో కోతపని తొందరగా పట్టుబడింది. ఆమె రికార్డు చేస్తుండగా మధ్యలో ఇల్లు అడ్డొచ్చేది. ఎవరో తలుపు కొట్టేవారు, పొయ్యి మీద ఏదో మాడేది, ఆమె పాప గొంతు వదిలేసి సొంత గొంతుతో ఒక కేక పెట్టేది. తరవాత అది వింటూ మొహం చిట్లించేది. "అబ్బ, రోత గొంతు. అది తీసెయ్యండి."

"తీసేస్తా" అనేవాడాయన. ఆ ఇంట్లో ఆయన ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఆరింటికి కూతురొచ్చింది. ఏడో నెల. నడుం పట్టుకుని మంచం మీద కూచుని, ఫోను తీసి తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, పుట్టేవాడికో పుట్టేదానికో నాలుగు మాటలు చెప్పు. నీ గొంతు దాచుకుంటాను. మామూలుగా మాట్లాడు, చాలు."

"ఓస్, అంతేనా?" అందామె. ఎర్రచుక్క వెలిగింది. "హాయ్ చిట్టీ! నేనెవర్నో చెప్పుకో!"

కూతురు ఫోను ఆపేసింది. "అది బిస్కెట్ పాప. నాకు మా అమ్మ కావాలి."

మళ్ళీ పెట్టారు. మళ్ళీ పాపే వచ్చింది. మైకు కనపడితే చాలు, ఆరేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి గొంతులో కూచుంటుంది, లేవమంటే లేవదు. మూడోసారి ఆమె కళ్ళు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చి, మామూలు మనిషిలా మాట్లాడబోయింది. బొంగురు గరగర తప్ప ఏమీ రాలేదు. ఆర్నెల్లుగా ఉన్న కాస్త గొంతునీ నంబర్లకీ పాపకీ ఖర్చు పెట్టేసింది. ఇంట్లోవాళ్ళకి మిగల్చలేదు.

"మామూలుగా అంటే ఎలాగే?" అంది కోపంగా. "చిన్నప్పట్నించీ అమ్మా నోరు ముయ్యి, అమ్మా నోరు ముయ్యి అని నా ప్రాణం తీశావు. ఇవాళ మాట్లాడమంటావా?"

అంటూనే ఏడ్చేసింది. కూతురూ ఏడ్చింది.

"నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావడం లేదే," అందామె. "ఆరొందల వీడియోలున్నాయి. ఒక్కదాంట్లోనూ నేను లేను."

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన బొటనవేలికి ఎండిన జిగురు అంటుకుని ఉంది. దాన్నే గిల్లుకుంటున్నాడు.

ఆమె మొహం తుడుచుకుని సంచీ సర్దడం మొదలుపెట్టింది. ఒంటి మీద రవ్వంత లోహం కూడా ఉండకూడదని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. చెవుల కమ్మలు తీసింది. ఎక్కడ పెట్టాలో తోచక చుట్టూ చూస్తే పసుపు డబ్బా కనపడింది. మూత ఊడదని తెలిసీ, కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగింది. నూనె రాసినట్టు ఇట్టే ఊడొచ్చింది.

లోపల గాలి లేదు. సన్నటి కాగితపు పీలికలో చుట్టిన చిన్న మెమరీ కార్డు ఉంది. పీలిక మీద బైండు పుస్తకాల వీపు మీద రాసే ముత్యాల్లాంటి అక్షరాలు. 'తీసేసినవి.'

ఆమె దాన్ని చూసింది, భర్తను చూసింది. "ఏమిటండీ ఇది?"

"నువ్వు తీసెయ్యమన్నవి."

"తీసేస్తానన్నారుగా?"

"తీశాను కదా," అన్నాడాయన. "తీశాను, అంతే. పారెయ్యలేదు. పుస్తకం అంచులు కోసినప్పుడు ముక్కలు పారేస్తానా ఎప్పుడైనా?"

నిజమే. ఇంట్లో చాకలిపద్దు దగ్గర్నించి కూతురి చిన్నప్పటి లెక్కల దాకా అన్నీ ఆయన కోతముక్కలు కుట్టి చేసిన బుల్లి పుస్తకాల్లోనే. కూతురు తల్లి చేతిలోంచి కార్డు లాక్కుని కంప్యూటరులో పెట్టింది.

"ఏమండీ, పాలు! పాలు పొంగుతున్నాయి! చెవుల్లో ఏం పెట్టుకున్నారు?"

గదిలో ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. లావుపాటి గొంతు. కాస్త దబాయింపు, చివర్లో కాస్త సాగతీత. వెంటనే ఇంకో ముక్క. "తలుపెవరో కొడుతున్నారు, మీరే చూడండి, నేనప్పుడే పాపనైపోయాను." ఆ మాటకి తనే ఫక్కున నవ్విన నవ్వు. తరవాత, మైకు ఆన్‌లో ఉందని తెలియక ఎవరితోనో ఫోన్లో, "ఆదివారం వస్తానంది. రాలేదు. దానికెన్ని పనులో పాపం. నేనేమీ అనుకోలేదు, నువ్వూ ఏమీ అనకు."

కూతురు తల వంచుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "ఆపకు నాన్నా," అంది.

"ఇదా నా గొంతు?" అందామె. "మా అమ్మ గొంతులా ఉందే! రోత గొంతు అనేదాన్ని."

"నాకెప్పుడూ అలా అనిపించలేదు," అన్నాడాయన.

"ఎంతుంది?"

"నాలుగు గంటల పైన."

ఆమె మంచం పట్టె మీద కూలబడి, ఆయన జిగురు చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు విన్నారు. ఉల్లిపాయల మీద తిట్లు, తుమ్ములు, పక్కింటి పిల్లి మీద కేకలు, దేనికో తెలియని నిట్టూర్పులు.

"ఇవాళ్టి వీడియో?" అని చివరికి ఆయనే అడిగాడు.

ఆమె ఆలోచించింది. "పాప పడుకుందని పెట్టండి," అంది. "ఇంక లేపొద్దని కూడా రాయండి."

పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషను గది ముందు చక్రాల మంచం ఆగింది. ఆకుపచ్చ బట్టలు కట్టి, జుట్టు టోపీలోకి తోసేసరికి, నుదురూ కళ్ళూ తప్ప ఆమెలో ఆమె పెద్దగా కనపడలేదు. కూతురు ఒక పక్క, భర్త ఒక పక్క. కమ్మలున్నాయని ఆయన డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఏమైనా చెప్పాలంటే చెప్పండమ్మా, రెండు నిమిషాలుంది," అంది నర్సు.

వారం నుంచీ ఆ రెండు నిమిషాలకోసం ఆమె మాటలు కూర్చుకుంటోంది. మంచివి, నిండుగా ఉన్నవి, గుర్తుపెట్టుకోదగ్గవి. కూతురి చెంప నిమిరింది. భర్తకేసి తిరిగి నోరు తెరిచింది. ఆయన చంకలో డబ్బా మూత ఒక పక్కకి లేచి కనపడింది.

"ఆ మూత గట్టిగా పెట్టండి," అంది. "చీమలు దూరతాయి."

బొంగురుగానే వచ్చింది. కానీ మామూలుగా వచ్చింది. నర్సు మంచం తోసింది. రెండు తలుపులూ తెరుచుకుని, ఊగి, మూసుకున్నాయి.

కూతురు చేతిలో ఫోను చూసుకుంది. ఎర్రచుక్క వెలగలేదు, నొక్కడం మరిచిపోయింది. భర్త బెంచీ మీద కూచుని డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు. నలభై ఏడేళ్ళుగా ఒక్క బిస్కెట్టూ లేని ఆ డబ్బా మూతని జిగురంటిన బొటనవేలితో చుట్టూ అదిమి, చీమ దూరే సందు లేదని చూసుకుని, మళ్ళీ ఇంకోసారి అదిమాడు.