హలీమా దిండు

కొయ్య సుత్తితో దూది ఏకే విల్లు తంతిని కొట్టినప్పుడల్లా గడ్డకట్టిన దూది ఉలిక్కిపడి విడిపోతోంది. నాగూర్ వలి మీసాల మీద, కనుబొమల మీద వాలిన పోగుల్లో దూది ఏదో, నెరిసిన వెంట్రుక ఏదో తెలియదు. అరవై దాటాయి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు. నరసరావుపేట పరుపుల్లోని దుమ్ము నలభై ఏళ్ళుగా ఆ ఛాతీలోకే చేరింది.

పెళ్ళివారి పరుపు సగంలో ఉంది. కానీ ఆ గురువారం కోర్టు వాయిదా. విల్లును మేకుకు తగిలించి, తువ్వాలుతో ఒళ్ళు దులుపుకొని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

కేసు రేడియోది. పన్నెండేళ్ళ కింద, డెబ్బై నాలుగులో, భార్య హలీమా కోసం పున్నారావు కొట్లో వాయిదాల మీద కొన్నాడు. అప్పుడు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. ఆఖరి వాయిదా కట్టిన రోజు నోటు అడిగితే, "ఇంటికాడుందిలే వలీ, రేపు చింపేస్తా" అన్నాడు పున్నారావు. చింపలేదు. మూడేళ్ళకు ఖాతా పుస్తకం చూపించి దావా వేశాడు. వలి రసీదులన్నీ కోర్టుకు ఇచ్చాడు. బాకీ లేదని మునసబుగారు దావా కొట్టేశారు. ఇప్పుడు పున్నారావు లేడు. కొట్టు కొన్నాయనకు పాత బీరువాలో ఆ నోటు దొరికింది. గడువు దాటలేదని చూపడానికి, మధ్యమధ్యలో కొంత ముట్టినట్టు దాని వెనక దొంగ రాతలు రాయించుకుని మళ్ళీ దావా వేశాడు. డిక్రీ అయితే వలి ఉంటున్న రేకుల గది జప్తు అవుతుంది. కూతురు అబిదాకు ఇవ్వడానికి అతనికి ఉన్నది ఆ గది ఒక్కటే.

కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. బంట్రోతు పేరు రెండుసార్లు పిలిచి, జనాన్ని తోసుకుంటూ వస్తున్న వలిని చూసి, మూడోసారి బాగా సాగదీసి పిలిచాడు. ఆ సాగదీతలో వలి గుమ్మం దాటాడు.

"పాత తీర్పు తెచ్చావా?" అడిగారు ఇప్పటి మునసబుగారు.

"ఇంటికాడుందయ్యా."

"ప్రతిసారీ ఇదే చెబుతున్నావు. సోమవారం ఆఖరు. తేకపోతే డిక్రీ ఇచ్చేస్తాను."

బయటికి రాగానే ప్లీడరు గుమాస్తా ఆరోగ్యస్వామి పట్టుకున్నాడు. "బాబాయ్, పాత కేసు నంబరన్నా చెప్పు. నకలు తీయిస్తా. నంబరు లేందే రికార్డు రూములో ఎవరూ వెతకరు."

"నంబరు నాకేడ గుర్తుంటది స్వామీ? ఏ పరుపులో ఎంత దూది పెట్టానో అడుగు, చెప్తా."

"జడ్జిగారికి పరుపు వద్దంట. కాయితం కావాలంట. ఏడ పెట్టావయ్యా అసలు?"

వలి తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చెప్పడానికి సిగ్గేసింది.

గోడ గూట్లో పెడితే చెమ్మ, పెట్టెలో పెడితే ఎలకలు. అందుకే తీర్పు వచ్చిన రోజున హలీమా ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తన దిండులో పెట్టి కుట్టేసింది. "నా తల కింద ఉంటే ఎవడు తీస్తాడు?" అంది. రెండేళ్ళ కింద ఆమె పోయింది. నలభయ్యో రోజున, ఆనవాయితీ ప్రకారం, ఆమె చాప, దుప్పటి, దిండు స్టేషను దగ్గర ఒంటరిగా ఉండే ముసలి హజ్రా బీకి ఇచ్చాడు. ఆ దుఃఖంలో కాగితం సంగతి తలపుకు రాలేదు. కొత్త సమను అందిన రోజు గుర్తొచ్చింది. పోయినవాళ్ళ పేరున ఇచ్చింది తిరిగి అడగకూడదు. ఎనిమిది నెలలుగా ఆ సందు మొదటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాడు.

ఈ రోజు వెనక్కి రాలేదు.

"ఏంది వలీ, దారి తప్పావా?" అంది హజ్రా బీ.

"దిండు గడ్డకట్టుంటది చిన్నమ్మా. తీసకపోయి ఏకి తెస్తా."

"నాకాడ దుడ్లు లేవు."

"నేనడిగానా?"

"మరి మాపటికల్లా తేవాలి. అది లేకపోతే మెడ పట్టేస్తది నాకు. నీ మాటంటే పెళ్ళోళ్ళకే నమ్మకం లేదంటగా!"

వలి చాలా రోజులకు నవ్వాడు. ఇంటికి వచ్చి, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, బ్లేడుతో ఒక్కొక్క కుట్టే తెంపాడు. హలీమా కుట్లు దగ్గర దగ్గరగా, బిగువుగా ఉన్నాయి. ఒక కుట్టులో పొడుగాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. దూది మధ్యలో చెయ్యి పెడితే ప్లాస్టిక్ తగిలింది. అతనికి చదువు రాదు. మూడు సింహాల ముద్ర మాత్రం గుర్తుంది. దానిమీద బొటనవేలు పెట్టి తడిమి చూసి, కాగితాన్ని మళ్ళీ ప్లాస్టిక్ సంచిలో చుట్టాడు.

తర్వాత ఆ దూదిని పెళ్ళివారి దూదికన్నా శ్రద్ధగా ఏకాడు. మధ్యలో రెండుసార్లు దగ్గు ఆపింది. పొద్దు వాలేలోపు దిండు కుట్టి, మోసుకెళ్ళి ఇచ్చాడు.

"ఇంత లావా!" హజ్రా బీ దిండును తట్టి చూసింది. "దీని మీద పడుకుంటే కొండెక్కినట్టుంటదిరా!"

వచ్చే దారిలో ప్లీడరుగారి ఆఫీసుకు వెళ్ళాడు. తాళం వేసి ఉంది. గుమాస్తా గురజాల వెళ్ళాడని, రేపు వస్తాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు.

ఇంట్లో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. గూట్లో గోడ చెమ్మగిల్లి ఉంది. పెట్టె కింద ఎలక మట్టి తోడింది. ఒక్క రాత్రే కదా అనుకున్నాడు. తన దిండు మూల కుట్టు విప్పి, కాగితాన్ని లోపలికి తోసి, హలీమా వేసినట్టే దగ్గర దగ్గరగా కుట్టేశాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ రాత్రి తల బరువు లేకుండా పడుకున్నాడు.

తెల్లవారాక పరుపు కోసం వచ్చిన పెళ్ళివారు, ముసలాయన ఇంకా నిద్ర లేవలేదనుకుని కాసేపు గుమ్మంలోనే కూర్చున్నారు.

సోమవారం బంట్రోతు పేరు మూడుసార్లు పిలిచాడు. వరండా వైపు చూస్తూ మూడోసారి బాగా సాగదీశాడు. ఆరోగ్యస్వామి ప్లీడరుగారి చెవిలో ఏదో చెప్పాడు. ప్రతివాది చనిపోయాడని ఆయన లేచి మనవి చేశారు. కూతురిని దావాలో చేర్చడానికి అవతలి ప్లీడరు గడువు అడిగాడు. వాయిదా పడింది.

వినుకొండ నుంచి వచ్చిన అబిదా, ఆరోగ్యస్వామి కలిసి పెట్టె దులిపారు, గూడు తడిమారు, రేడియో వెనక మూత కూడా విప్పి చూశారు. కాగితం లేదు. నలభయ్యో రోజున, అమ్మకు నాయన చేసినట్టే, అబిదా నాయన పక్కబట్టలు చుట్టి హజ్రా బీకి ఇచ్చి వచ్చింది. గుమ్మంలో కోర్టు మనిషి ఆమె పేరున సమను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

హజ్రా బీ తల కింద ఇప్పుడు రెండు దిండ్లు. ముసలమ్మ తల కదిలించినప్పుడల్లా, పై దిండు ఒక మూల సన్నగా గరగరమంటోంది.