జైతూన్ బీ అడిగే ప్రశ్న

ఇనుప రోట్లో శొంఠి నలుగుతోంది. జైతూన్ బీ కుడిచేతిలో రోకలి లేచి పడుతూ ఉంటే, అంచు మీదికి ఎగిరిన పలుకులను ఎడమచేతి వేళ్లు లోపలికి నెడుతున్నాయి. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన ఆ రెండు చేతులకూ ఒకదాని దారి మరొకదానికి తెలుసు. అయితే ఈ ఉదయం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం తగ్గింది. ఆమె చూపు రోటి మీద లేదు, గల్లాపెట్టె పక్కనున్న టెలిఫోను మీద ఉంది.

“జైతూన్ బీ, అది శొంఠి. దొంగ కాదు,” అన్నాడు కొట్టు యజమాని రామకోటేశ్వరరావు పేపరు దించకుండానే. “ఆ కొట్టుడికి చేయని నేరం కూడా ఒప్పుకునేట్టుంది.”

“ఇవాళ చెయ్యి నా మాట వినట్లేదండీ షావుకారుగారూ.”

“ఫోను మోగితే నేనే పిలుస్తాగా.”

“మీరు పేపరు మడిచేలోపు మోగడం ఆగిపోద్దండీ.”

విజయవాడ పాత బజారులోని ఆ మూలికల కొట్టుకు ఆమె పొద్దున్నే వచ్చింది గానీ మనసు పటమటలో ఉంది. కూతురు సబీహాను నిన్న అక్కడ ఒక నర్సింగ్ హోములో చేర్చారు. ఇంతకు మునుపు రెండు కాన్పుల్లోనూ నెలలు నిండే వేళకు సబీహాకు రక్తపోటు పెరిగింది, ముఖమూ చేతులూ ఉబ్బాయి, బిడ్డ దక్కలేదు. ఈసారి డాక్టరు జ్యోతిర్మయి మొదటి నెల నుంచీ ఆమెను చూపు దాటి పోనివ్వలేదు. కూతురి మంచం పక్కనే ఉండిపోవాలని జైతూన్ బీ పట్టుబట్టింది. అల్లుడు జాహిద్, ఆమె సొంత అక్క కొడుకే, ఒప్పుకోలేదు. “నువ్వు ఎదురుగా కూర్చుని దువాలు చదువుతుంటే దాని బీపీ పెరుగుద్ది ఖాలా. నొప్పులు రాగానే ఫోన్ చేస్తా, పో,” అని పంపించాడు.

అందుచేత ఆమెకు చేయడానికి ఒక్క పనే మిగిలింది. బాలింతకు పెట్టే కాయానికి సరుకు సిద్ధం చేయాలి. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము, దుంపరాష్ట్రం ఒక్కొక్కటే దంచి, పలచని బట్టలో జల్లించి, వేరువేరు పొట్లాలు కట్టింది. దంచని అతిమధురం వేళ్లను మరో పొట్లంలో పెట్టింది. ఏదీ దేనిలోనూ కలపలేదు. తనకు చూపించకుండా కలపవద్దని డాక్టరు చెప్పింది, కలపనని ఈమె మాట ఇచ్చింది.

పొట్టి మనిషి. ఒంటికి మించిన భుజాలు. కుడి మణికట్టు ఎడమదానికంటే లావు. కనుబొమల మీద ఎప్పుడూ సన్నని పొడి వాలి ఉంటుంది. సాయంత్రం దువ్వెన పళ్ల మధ్య మిరియాల ఘాటు మిగులుతుంది. భర్త అలీ లారీ ప్రమాదంలో చనిపోయాక ఈ కొట్టు ఊడవడానికి చేరింది. ఊడ్చిన చెత్తలోంచి ఏ వేరును ఆ డబ్బాలో తిరిగి వేస్తుండటం చూసి, చీపురు మాన్పించి రోటి ముందు కూర్చోబెట్టారు. రోటి ముందు కూర్చున్నందువల్ల కొనేవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. చెవిన పడ్డందువల్ల ఒక సంగతి తెలిసింది: ఒకే పొట్లం ఇంటికి వెళ్లాక పాలు తాగే బిడ్డ నోట్లోకీ, కడుపుతో ఉన్న మనిషి నోట్లోకీ, మంచం పట్టిన ముసలాయన నోట్లోకీ పోతోంది. అప్పటినుంచి తక్కెడ ఎత్తేముందు ఆమె ఒక ప్రశ్న అడుగుతుంది.

“ఎవరికి?”

ఆ వేళ చల్లపల్లి దగ్గరి నుంచి వచ్చిన చౌడేశ్వరినీ అదే అడిగింది. చౌడేశ్వరి నేతవారి ఇల్లాలు, పాత ఖాతాదారు. సునాముఖి ఆకు కావాలంది.

“మా ఆయనకే బీబమ్మా. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని పొట్ట కదలడం లేదంటాడు.”

“ఆయనొక్కడికే ఇంత ఆకా?”

“మిగిలింది కోడలికి పోస్తా. దానికీ అదే బాధ. కాచిన కషాయం పారబోసుకుంటామా?”

“కోడలు కడుపుతో ఉందని కిందటిసారి చెప్పావుగా.”

“ఉంటే? ఆకే కదా, ఇంగిలీషు మందు కాదుగా.”

జైతూన్ బీ తక్కెడ కింద పెట్టింది. “మీ ఆయన పేగుల్ని మెలిపెట్టే ఆకు, నీ కోడలి పొట్ట దగ్గరికొచ్చి మర్యాదగా కూర్చుంటదా?”

“మీ దగ్గర కొనాలంటే పోలీసు స్టేషనుకి వచ్చినట్టుంటది.”

“ఆయనకి సరిపడా ఇస్తా. కోడల్ని డాక్టరుకి చూపించు. మిగిలింది మొక్కకి పోయ్.”

“మొక్కకి విరేచనాలైతేనో?”

“మొక్కని తీసుకురా, చూద్దాం.”

చౌడేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “నా కొట్లో కూర్చుని నా సరుకే వద్దంటది,” అన్నాడు రామకోటేశ్వరరావు పేపరుతో. ఆ గొంతులో ఫిర్యాదు కంటే గర్వమే ఎక్కువ ఉంది.

ఆ ప్రశ్న జైతూన్ బీ తనకు తాను ఎన్నడూ వేసుకోలేదు. దంచేవాళ్లకు దగ్గు తప్పదు. దగ్గు ఆపడానికి ఆమె అతిమధురం ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటుంది. అది పీచయ్యాక ఇంకొకటి. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆ తీపి లేని క్షణం ఆమె నోటికి తెలియదు. కిందటేడు గుండె బలహీనపడి పాదాలు వాచాయి. గుండె డాక్టరు రెండు మాత్రలు రాశాడు, ఒకటి గుండెకు, ఒకటి ఒంట్లో నీరు పోవడానికి. వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. లేదండీ అంది. అది అబద్ధం కాదు. ఆమె దృష్టిలో అతిమధురం నోట్లో వేసుకునే తీపి, మందు కాదు.

నీటి మాత్ర నీటితోపాటు పొటాషియం అనే లవణాన్ని కూడా ఒంట్లోంచి పంపేస్తుంది. రోజంతా నమిలే అతిమధురం కూడా ఆ లవణాన్నే తోడేస్తుంది. లవణం తరిగిన గుండె మీద, మేలు చేయవలసిన గుండె మాత్రే విషమవుతుంది. అన్నం సయించదు, కాళ్లలో సత్తువ ఉండదు, కంటికి లోకం పసుపుపచ్చగా కనబడుతుంది, చివరికి గుండె లయ తప్పుతుంది. కొన్నాళ్లుగా జైతూన్ బీకి అన్నం సయించడం లేదు. దీపాల చుట్టూ పసుపు వలయాలు కనబడుతున్నాయి. మొన్నటిదాకా అది కూతురి మీది బెంగ అనుకుంది. ఈ ఉదయం నుంచి సంతోషం అనుకుంటోంది.

ఫోను మోగింది. పేపరు మడవకముందే ఆమె గల్లాపెట్టె దగ్గర ఉంది.

“ఖాలా, నొప్పులొచ్చాయి. బీపీ బాగానే ఉందంట. బయల్దేరు,” అన్నాడు జాహిద్.

రామకోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. “పొట్లాలు మర్చిపోయేవు. చెప్పులేసుకో ముందు.”

సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బెంజిసర్కిలు దాటేసరికి, పక్కనున్న కాలేజీ అమ్మాయికీ, వెనక సీటులో కూరల బుట్టతో ఉన్న మనిషికీ, టికెట్లు కొట్టే కండక్టరుకూ ఆమె కూతురి కాన్పు సంగతి తెలిసిపోయింది. “మొగపిల్లాడైతే నా పేరు పెట్టండి,” అన్నాడు కండక్టరు. “నీ పేరేంటి?” “మరియదాసు.” “మా ముల్లా గుండె ఆగిపోద్ది బాబూ,” అంది. సీట్లలో నలుగురూ నవ్వారు. దుకాణాల బోర్డులు, ఆటోలు, ఎదురొచ్చే మొహాలు అన్నీ పసుపు పూసినట్టు మెరుస్తున్నాయి. పెళ్లిరోజు ఊరు ఇలాగే కనబడిందని ఆమెకు గుర్తొచ్చింది.

నర్సింగ్ హోము మెట్ల మధ్యలో రెండుచోట్ల ఆగింది. పైన వసారాలో జాహిద్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆటోనగర్ షెడ్డులోంచి అలాగే వచ్చేసినందువల్ల చేతులకు గ్రీజు ఉంది. దేన్నీ ముట్టుకోకుండా వాటిని ముందుకు చాచి పట్టుకున్నాడు. లోపల సబీహా అరిచినప్పుడల్లా ఇక్కడ ఇద్దరూ ఊపిరి బిగబడుతున్నారు.

డాక్టరు జ్యోతిర్మయి మాస్కు దించుకుంటూ బయటికి వచ్చింది. “ఇంకొంచెం టైముంది. బాగా తట్టుకుంటోంది. బీపీ నా చేతిలోనే ఉంది, కంగారు పడకండి.” తర్వాత బల్ల మీది పొట్లాలు చూసి నవ్వింది. “తెచ్చారూ? విప్పండి మరి.”

జైతూన్ బీ ఒక్కొక్కటే విప్పి ముందుకు జరిపింది. డాక్టరు వాసన చూసి, అడిగి, తల ఊపింది. శొంఠి, వాము కొద్దికొద్దిగా పెట్టవచ్చంది. మిరియాలు తగ్గించమంది. ఆఖరి పొట్లం దగ్గర ఆగింది.

“అతిమధురం వద్దమ్మా. ఇది ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచుద్ది. బీపీ పెరుగుద్ది.”

“చిన్నపిల్లలు కూడా నములుతారండీ ఇది.”

“చిన్నపిల్లలు నమిలితే నమలనివ్వండి. మీ అమ్మాయి బీపీ మనిషి. మీ కొట్లో మీరే అడుగుతారంట కదా అందర్నీ, ఎవరికి అని? సబీహా చెప్పింది.”

జైతూన్ బీ ముఖం వెలిగిపోయింది. తన మాట డాక్టరు నోట వినడం కంటే పెద్ద బహుమానం ఆమెకు తెలియదు. “అవునండీ, నేనే మరిచాను. సబీహాకి వద్దు,” అంటూ ఆ పొట్లాన్ని పక్కకు తీసింది.

“డాక్టరుగారూ, తల కనబడుతోంది,” అని లోపల్నుంచి నర్సు తెరేసమ్మ పిలిచింది. డాక్టరు పరుగెత్తింది. తలుపు ఊగి ఆగింది. పక్కకు తీసిన పొట్లంలో వేళ్లు చూస్తూ, ఇంత మంచి సరుకు పారేస్తే పాపమనుకుంది జైతూన్ బీ. ఒక ముక్క విరిచి బుగ్గన పెట్టుకుంది.

ముందు నిశ్శబ్దం వచ్చింది. ఇంతకు ముందు రెండుసార్లూ ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోయింది. జాహిద్ గోడకు నుదురు ఆనించాడు. అప్పుడు ఏడుపు వినిపించింది. సన్నగా కాదు, తగాదాకు వచ్చినట్టు.

“ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు,” అంటూ తెరేసమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చింది. “ముందే చెబుతున్నా, తేనె గీనె నాకించకండి. ముర్రుపాలే.”

“నాకు చెబుతున్నావా తల్లీ,” అని జైతూన్ బీ చేతులు చాచింది. బిడ్డ బరువు ఆ రెండు చేతుల్లోకీ సరిగ్గా ఒదిగింది. జాహిద్ గ్రీజు చేతులు వీపు వెనక కట్టుకుని, వంగి, పాప చెవిలో గుసగుసగా అజాన్ చెప్పాడు.

“పసుపు కొమ్ములా ఉంది నా తల్లి,” అంది జైతూన్ బీ. “ఎంత పచ్చగా ఉందో చూడు.”

తెరేసమ్మ ఉలిక్కిపడి బిడ్డను కిటికీ వెలుగులోకి తీసుకుంది. నుదుటిమీద వేలితో నొక్కి చూసింది, కనురెప్ప తెరిచి చూసింది. “పచ్చ ఎక్కడుందమ్మా? దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటేను. కామెర్లేమోనని భయపెట్టారు నన్ను.”

“ముసలి కళ్లు ఖాలా నీవి,” అని జాహిద్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పాప ఎర్రగానే ఉందని అందరూ చూశారు. ఆమెకు పచ్చగా ఎందుకు కనబడిందని ఎవరూ అడగలేదు.

లోపలికి వెళ్లి సబీహా నుదురు ముద్దాడింది. “అమ్మీ, ఈసారి ఏడ్చింది,” అంది సబీహా. “విన్నా బేటా. బందరుదాకా వినపడి ఉంటది,” అంది. కాళ్లు తేలిపోతున్నట్టు అనిపించి, వసారాలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది.

“టీ తెస్తా, ఏమీ తినలేదు నువ్వు,” అని జాహిద్ చేతులు కడుక్కుని వెళ్లాడు. వచ్చేసరికి ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా చెదరలేదు. అలసిపోయిన మనిషిని లేపడం ఎందుకని, చేయి తగిలి ఒలకని దూరంలో గ్లాసు పెట్టి, పాప దగ్గరికి వెళ్లాడు.

పాపకు పాలు పట్టించడానికి అమ్మమ్మ సాయం కావాలని పిలవడానికి వచ్చిన తెరేసమ్మ, ఆమె భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత డాక్టరు పరుగున వచ్చింది, చేయవలసినవన్నీ చేసింది, చివరికి నాడి దొరకని మణికట్టును ఆమె ఒడిలో పెట్టింది.

“ఏం మందులు వాడేది ఈవిడ?”

“గుండెకొకటి, నీరు పోడానికొకటి అండీ,” అన్నాడు జాహిద్.

“ఇంకా?”

అతను నిజాయితీగా ఆలోచించాడు. “ఇంకేం లేదండీ. ఇంకో మందు ముట్టేది కాదు.”

లోపల పాప ఏడుపు ఆపి పాలు తాగడం మొదలుపెట్టింది. వసారాలో బల్ల మీద, అంచు దాకా నిండుగా ఉన్న టీ గ్లాసులో, మీగడ ముడత పడకుండా నున్నగా పేరుకుంటోంది.