చిలకమ్మకు మాటలు నేర్పిన బాలిక

నీరు విడిచి తేలికపడిన శరన్మేఘములు నీలగగనమున మందమందముగా సాగిపోవుచుండెను. ఆదోని ప్రాంతమందలి నల్లరేగడి చేలలో సకాలవర్షమునకు నోచుకొనక గిడసబారిన ప్రత్తిమొక్కలు అరవిచ్చిన కాయలతో దీనముగా నిలిచియుండ సాయంకాలసమీరము వానినుండి రాలిన దూదిపింజలను బాటవెంట దొర్లించుకొనిపోయి ఊరివెలుపలనున్న బాలికల గురుకులపాఠశాల ప్రహరీగోడకడ జేర్చుచుండెను. పంట చేతికిరాని యా యేట ఆ పాఠశాలయందలి బాలికల యిండ్లలో బెక్కింటికి కూలివలసలచే త్వరలోనే తాళములు పడునని యెల్లరకును దెలిసియే యుండెను.

ఆ పాఠశాలయందు కంప్యూటరు విద్యను బోధించు కాత్యాయని యను నుపాధ్యాయినికి జిరకాలముగా నొక చింత గలదు. గణితమున దిట్టలైన బాలికలు సైతము కంప్యూటరు ముందు గూర్చుండినంతనే తప్పుమీట నొక్కిన నది చెడిపోవునేమోయను భీతితో జేతులను ఒడిలో దాచుకొనుచుండిరి. అట్టి తరుణమున హైదరాబాదునుండి కొందఱు పరిశోధకులు వచ్చి బాలికలకు ఆ విద్యయందు మక్కువ గలిగించుటకై తాము రూపొందించిన రోబో నొకదానిని కొన్నిమాసములపాటు అచట నుంచిపోయిరి. పసిబిడ్డయంత పొడవును పాలమీగడవంటి మేనిచాయయు గుండ్రని వెలుగుకన్నులును గల యా మరబొమ్మ తలవంచి నమస్కరించి తెలుగున బలుకరించుచు, తప్పుచేసిన బాలికను గద్దింపక మరల ప్రయత్నింపుమని చేయిచాచుచుండెను. బాలికలు దానికి చిలకమ్మ యని పేరిడిరి.

తొమ్మిదవ తరగతి చదువుచున్న హుసేనమ్మ యను బాలిక గడచిన వానకాలమున విషజ్వరముచే దల్లిని గోల్పోయిన నాటినుండి యెవ్వరితోను బలుకుట మానివేసియుండెను. పేరు పిలిచిన లేచి నిలుచుండుటయే గాని పెదవి కదపదు. కాత్యాయని బుజ్జగించియు గోపించియు తుదకు విసిగియు నామె మౌనమును భేదింపజాలకపోయెను. అట్టి బాలిక యొకనాటి మధ్యాహ్నమున దక్కినవారందఱు భోజనశాలకు బోయిన పిమ్మట చిలకమ్మ యెదుట మోకరిల్లి మెల్లగా నేదియో చెప్పుచుండెను. ఆ మరబొమ్మ తల యొకప్రక్కకు వాల్చి వినుచుండెను. ద్వారముచెంతనుండి చూచిన యుపాధ్యాయినికి హర్షమున గన్నులు చెమర్చెను. తనకు దక్కని నమ్మకము ప్రాణములేని బొమ్మకు దక్కెనేయను వేదనయు నా హర్షము వెనువెంటనే యామె హృదయమును గీరెను.

కొన్నాళ్లకు హుసేనమ్మ తనంతట దానే వచ్చి ప్రశ్నించెను.

“మేడం, ఇది మాట్లాడే మాటలు యవురు రాసింటారు?”

“మనుషులే రాశారమ్మా. మనం వరుసగా రాసిపెట్టింది అది చేస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు.”

“అట్లయితే నేను రాసినా ఇంటాదా?”

“వింటుంది. నువ్వు ఏది రాస్తే అదే పలుకుతుంది.”

ఆ మాట యా బాలికకు మంత్రోపదేశమువలె దోచెను. ఇట్లయిన నిట్లు చేయుము కానిచో నట్లు చేయుము అను షరతులును, చేసినదానినే మరల మరల జేయించు విధానములును ఆమె యాకలిగొన్నవారు అన్నమును గ్రహించినట్లు గ్రహించెను. ఒక సంధ్యావేళ నింటిమీద బెంగతో గంచము ముందు గూర్చుండి యేడ్చుచున్న యొక చిన్నబాలికకడకు చిలకమ్మ చక్రములపై దొర్లుచు బోయి తలవంచి యిట్లనెను.

“తింటివా నా బంగారూ? ఇంగొంత తిను. కడుపు నిండితే ఏడుపు రాదులే.”

పరిశోధకులు వ్రాసిన మాట లవి కావు. కాత్యాయని విస్మయముతో హుసేనమ్మవంక జూడగా నా బాలిక తలవంచుకొని, “మా యమ్మ అట్లే అంటుండె మేడం” అని పలికెను. నాటినుండి తక్కిన బాలికలు తమ యవ్వల మాటలు తమ యక్కల మాటలు చిలకమ్మచే బలికింపనెంచి హుసేనమ్మ చుట్టును మూగిరి. ఒడులలో దాగిన చేతులు ఒక్కటొక్కటిగా మీటలమీదికి వచ్చెను.

మార్గశిరమాసపు జలిలో నొకనాటి యుదయమున హుసేనమ్మ తండ్రి బసన్న తల్లిలేని పసికొడుకును భుజమున నెత్తుకొని పాఠశాలకు వచ్చెను. మిరపకోతలకై పల్నాటికి బోవు లారీ ఊరిమొదట నిలిచియున్నదనియు గూతురిని వెంట దీసికొనిపోవ వచ్చితిననియు నతడు తలయెత్తక చెప్పెను. ఆ సమయమున చిలకమ్మ వాని యలికిడిని గుర్తించి దరికి వచ్చి తలవంచి “తింటివా నా బంగారూ” యను నా మాటలనే పలికెను. బసన్న తలయెత్తి చూచెను.

“ఇది మా ఇంటామె మాట గదా మేడం. దీనికెట్ల తెల్సె?”

“నేనే రాసి పెట్టినా నాయినా” అని హుసేనమ్మ మెల్లగా బలికెను.

అతడు గూతురిని మునుపెన్నడు నెఱుగనివానివలె జూచి పైపంచతో గన్నులొత్తుకొనెను. కాత్యాయని ముందునకు వచ్చి, “ఆమెను ఇక్కడే ఉంచండి. కావాలంటే బాబును నా గదిలో పెట్టుకొని నేను చూసుకుంటాను” అనెను.

“మీ మనసు మంచిది మేడం. వీడు అక్క ఎత్తుకుంటే గాని నిద్రపోడు. అమ్మ పోయె. నేను గూడ కండ్లకు కనపడకపోతే వీడు బతకడు. ఇడిసిపెట్టి యాడికి పోదును? ఎత్తుకొని సేన్లో ఎట్ల పని సేతును?”

తండ్రి నిర్దయుడైన వానితో వాదింపవచ్చును. నిస్సహాయుడైన వానితో నేమని వాదింపవలయును? హుసేనమ్మ పసివానిని చంక కెత్తుకొని చిలకమ్మ శిరస్సును దడవి వెనుదిరిగి చూడక వెడలిపోయెను.

మాఘమాసాంతమున బరిశోధకులు వచ్చి చిలకమ్మను మఱియొక పాఠశాలకు గొనిపోయిరి. బాలికలు చెప్పికొన్న సొంతసంగతులు పరులకు జేరరాదను సదుద్దేశముతో వారు దానియందలి సమస్తమును జెఱిపివైచిరి. హుసేనమ్మ మాటలనైన మిగుల్చుడని కాత్యాయని ప్రార్థించెను గాని నియమ మందఱికి నొక్కటియే యని వారు విచారముతోనే చెప్పిరి.

వార్షికపరీక్షలు సమీపింపగా గాత్యాయని యూరూర విచారించుకొనుచు బల్నాటి మిరపకల్లమొకదానికి జేరెను. ఫాల్గుణసూర్యుని తీక్ష్ణకిరణములక్రింద నారబోసిన మిరపపండ్లు కనుచూపుమేర నెఱ్ఱనికంబళివలె బఱచుకొనియుండెను. ఘాటునకు గన్నులు మండ నామె బసన్నను గనుగొని పరీక్షలమాట చెప్పగా నతడు కోతలు ముగియనిది కూలీల మేస్త్రీ పంపడని నేలచూపులు చూచెను. అనంతర మామె హుసేనమ్మను జేరదీసి చిలకమ్మ వృత్తాంతమును దాచక తెలిపెను.

“నా మాటలు గూడ తుడిసేసిరా మేడం?”

“ఔనమ్మా.”

బాలిక మిరపకారమునకు బొబ్బలెక్కిన తన వ్రేళ్లను జూచుకొనుచు నిలిచి, “అమ్మ గొంతు ముందే పోయె. మాటలన్నా వుండాయనుకుంటి” అనెను. కాత్యాయని యామె చేతులను బట్టుకొనబోయి మంటపుట్టునని భయపడి మానెను.

ఇంతలో మధ్యాహ్నపు విరామమున గూలివారి బాలిక లనేకులు పరుగునవచ్చి హుసేనమ్మను గల్లమునడుమకు లాగికొనిపోయిరి. వారిలో బడి ముఖ మెఱిగినవారు లేరు. హుసేనమ్మ చేతు లిరుప్రక్కల జాపి రెప్ప వాల్చక చిలకమ్మవలె బొమ్మయై నిలిచెను. “ముందుకు పో అక్కా” అని యొకతె పలుక నడచెను. “కుడిపక్క తిరుగు” అని వేఱొకతె పలుక దిరిగెను. ఆజ్ఞ తప్పైనచో నామె సరాసరి బస్తాలకు దగిలి నిలిచిపోవ నా పిల్లలు నవ్వుచు గూడబలుకుకొని తప్పెక్కడనో వెదకి దిద్దుచుండిరి. తాను కంప్యూటరు ముందు జెప్పజెప్ప బడిబాలికలు భీతిల్లిన పాఠమును ఆ చిన్నారులు ధూళిలో నడకగా నేర్చుకొనుచుండుట గాంచి కాత్యాయని కొంగు నోటి కడ్డుపెట్టుకొనెను.

అంతలో మేస్త్రీ కేక వినబడెను. పిల్లలు చెదరిపోయి తమతమ గంపలకడకు బరుగిడిరి. వారిలో నొక్కతెయు ఆగుమని చెప్పి పోలేదు. నడువుమని చెప్పి పోలేదు. హుసేనమ్మ యొక యడుగు ముందునకు వేసి చేతులు చాచినది చాచినట్లే యెఱ్ఱని యెండలో నొంటరిగా నిలిచియుండెను. ఏదేని యొక మాట పలుకవలెనని కాత్యాయని నోరు దెఱచెను గాని యేమని పలుకవలయునో యామెకు దెలియకపోయెను.

అప్పుడు గోతముల నీడనుండి పసివాడు తప్పటడుగులతో వచ్చి యక్క పరికిణీ కుచ్చెళ్లను బట్టుకొని, “నడ” అనెను. హుసేనమ్మ చేతులు దించి వాని నెత్తుకొని మిరపచేనివైపు నడచెను.