ఏడో తారీఖు రాత్రి

"చెరుకు గడకు పన్నెండు కణుపులు,
చెలిమి గడకు ఒక్కటే కణుపు,
ఆ ఒక్క కణుపు కాడ..."

అక్కడిదాంకనే. ఆ ఒక్క కణుపు కాడ ఏమైతదో శారమ్మకు యాదికి రాదు. చిన్నప్పుడు చెరుకు తోటల పాడిన పాట. రోజూ పొద్దుగాల గోదాముల కూసోని, మెత్తటి గుడ్డతోని అద్దాలు తుడుసుకుంట ఆ మూడు ముక్కలే పాడుతది, ఆగుతది, మళ్ళ మొదటికి వస్తది.

అద్దాలంటే మొఖం చూసుకునేటియి కాదు. అన్నం తినే పళ్ళెమంత వెడల్పున్న గాజు పలకలు. వాటి మీద చుక్కల ఫొటోలు. వర్ని ఊరవతల గుట్ట మీద ఎన్కట పెద్ద కెమెరా ఒకటి ఉండె. భూమికి సర్వే చేసినట్టే ఆకాశానికి సర్వే చేసిండ్రు. మొత్తం ఆకాశాన్ని గడులు గడులు చేసి, ప్రతి గడికి ఒక నంబరు పెట్టి, పద్నాలుగేండ్లు ఫొటోలు తీసిండ్రు. ఆ తర్వాత కెమెరా మూతబడ్డది. ఆరు వేల పలకలు నిజామాబాద్‌ల పసుపు గంజ్ ఎనుక ఒక పాత గోదాముకు చేరినయి. గంజ్‌ల పసుపు రాసులు పోసే కాలం వస్తే కిటికీ సందులకెల్లి దుమ్ము వచ్చి చుక్కలన్నీ పచ్చగయితయి. వాటిని మళ్ళ తెల్లగ చేసే పని శారమ్మది.

తొంభై రెండుల హైదరాబాద్ నుంచి జయరాజ్ సారు వచ్చిండు. ఒక కంప్యూటరు, ఒక దీపం యంత్రం తెచ్చిండు. పలకను యంత్రంల పెడితే దీపం ఒక్కొక్క చుక్క మీదికెల్లి నడుస్తది. ఏ చుక్క ఎక్కడున్నది, ఎంత వెలుగున్నది, అన్నీ అంకెలై టేపు మీదికి ఎక్కుతయి.

"గాజు పగలొచ్చు. కాగితానికి చెదలు పట్టొచ్చు," అని సారు మొదటి రోజే చెప్పిండు. "ఇంకా పుట్టని మనిషి ఎవరో వచ్చి, ఫలానా రాత్రి ఫలానా చుక్క ఎట్లుండె అని అడుగుతడు. మనం తీసి చూపియ్యాలె. అందుకే కవరు మీది నంబరు, రిజిస్టర్ల నంబరు, టేపు మీది నంబరు, మూడూ ఒక్కటే ఉండాలె. ఒక్కటి తప్పినా ఆ రాత్రి పోయినట్టే."

ఊడ్చుటానికని పనిల చేరిన శారమ్మ ముప్పై ఎనిమిదేండ్లకు రాత్రి బడిల అక్షరాలు నేర్చింది. ఇప్పుడు కవరు మీద వేలు పెట్టి, అక్షరం మీద అక్షరం కూడబలుక్కుంట నంబరు, తారీఖు, గంట బయటికి చదువుతది. గోదాము గుమస్తా బాలన్న రిజిస్టర్ల చూసి సరే అంటడు. సారు కంప్యూటర్ల కొడుతడు.

కవరు విప్పి పలకను బయటికి తీసినంక, అది ఏ రాత్రి ఫొటోనో ఆ రాత్రి గదిలకు వస్తది. ఎన్ని నిమిషాలు ఫొటో తీసిండ్రో అన్ని నిమిషాలు ఉంటది. పలకను యంత్రంల పెడితే మాత్రం, మళ్ళ బయటికి తీసేదాంక ఆ రాత్రి ఆగుతది. అందుకని గోదాముల గోడకు మూడు గొంగళ్ళు తగిలేసి ఉంటయి. జనవరి పలకలప్పుడు రిజిస్టర్ మీద మంచు కురిసి సిరా అలుకుతదని బాలన్న అద్దుడు కాగితం దగ్గర పెట్టుకుంటడు. ఆ రాత్రి గుట్ట కింద ఎవరు దగ్గినా, ఎవరు మాట్లాడినా వినబడుతది. రిజిస్టర్ల చివరి గడిల "చలి, మంచు, మాటలు" అని రాయనీకి జాగ ఉన్నది. దీపం ఒక్కసారి నడిచినంక మాత్రం చుక్కలు టేపుకెక్కుతయి, ఆ రాత్రి మళ్ళ రాదు.

"శారక్కా, ఇయ్యాల డబ్బాల అన్నీ డిసెంబర్‌వే. కుంపటి ఎయ్యాలెనా?" అంటడు బాలన్న.

"నీ నోరుంటే కుంపటెందుకు? రాసుకో. గడి నంబరు నాలుగు వందల పదకొండు."

"ఈ నాలుగు వందల పదకొండు ఎవరి పట్టా అక్కా?"

"సర్కారుది. నువ్వు కబ్జా పెడుదామనుకుంటున్నవా?"

"నిచ్చెన దొరుకుతలేదు."

సారు నవ్వును దాసుకుంట కంప్యూటర్ దిక్కు తిరుగుతడు.

శారమ్మ ఆ గుట్ట కిందనే పెరిగింది. వాళ్ళ బాపు చెరుకు తోటల జీతం ఉండె. బోధన్ ఫ్యాక్టరీ గానుగ మొదలైతే మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టేటోళ్ళు బండ్లు కట్టుకొని వచ్చేది. గుట్ట కింద గుడిసెలు ఏసేది. వాళ్ళతోని తారాబాయి వచ్చేది. శారమ్మ ఈడుదే. ఆరు సీజన్లు వచ్చింది. మొదటి ఏడు ఇద్దరికీ మాట కలువలేదు, సైగలు చేసుకున్నరు. రెండో ఏటికి తారాబాయి తెలుగు పట్టింది. ఆ తర్వాత ఇద్దరి నోరు మూసేటోళ్ళు లేకపోయిరి.

ఆఖరి ఏడు మట్టల ఆదివారం నాడు శారమ్మోళ్ళు చర్చికి ఈత మట్టలు పట్టుకొని ఊరేగింపుగ పోతుంటే, విఠోబాను మొక్కే తారాబాయి కూడా ఒక మట్ట పట్టుకొని ముంగట నడిచింది. ఆ రాత్రి కోడి కూయకముందే చెరుకు కొట్టే ముఠావోళ్ళు బండ్లు కట్టిండ్రు. శారమ్మ ఆరుబయట మంచంల పండుకొని ఉన్నది. తారాబాయి వచ్చి వంగి ఏమో అడిగింది. నిద్రమత్తుల శారమ్మ "ఊ" అన్నది. తెల్లారి లేచి చూస్తే గుడిసెల కాడ బూడిద తప్ప ఏమీ లేదు.

తారాబాయి మళ్ళ రాలేదు.

దేనికి ఊ అన్నదో శారమ్మకు తెల్వదు. ఇచ్చేది ఏమన్న ఒప్పుకున్నదా? దాచిపెట్టుమంటే సరే అన్నదా? ఇరవై నాలుగేండ్లు ఆ ఊ గొంతుల ముల్లు లెక్క ఉండె. లగ్గం అయింది, పిల్లలైండ్రు, ముల్లు మాత్రం పోలేదు.

పలకల సంగతి తెలిసినప్పటి నుంచి శారమ్మకు ఒకటే పట్టుదల. చర్చి పెద్దమనిషిని అడిగి ఆ ఏటి మట్టల ఆదివారం ఎప్పుడొచ్చిందో తెలుసుకున్నది. అరవై ఎనిమిది ఏప్రిల్ ఏడు. సారుకు సంగతంతా చెప్పింది. సారు రిజిస్టర్ తిప్పి తిప్పి ఏడో తారీఖు పలక, రాత్రి మూడు గంటలది, ఒక్కటే ఉన్నదని తీసి ఇచ్చిండు.

"కూసో శారమ్మా. నలభై నిమిషాలు. దీపం తర్వాత పెడుదాం."

శారమ్మ ఒళ్ళె పలక పెట్టుకొని కూసున్నది. ఎచ్చటి రాత్రి గదిల నిండింది. కుక్కలు మొరిగినయి. ఎద్దు మెడల గంట ఒక్కసారి కదిలింది. గుడిసెలల్ల ఎవరో గురక పెట్టిండ్రు. అంతే. బండ్లు లేవు, తారాబాయి లేదు. అందరూ నిద్రపోయిన రాత్రి అది.

"ఏడో తారీఖుది ఇంకొకటి లేదమ్మా," అన్నడు సారు.

"పోనియ్యుండ్రి సార్. ఆ గడియకు ఫొటో తియ్యలేదు గావచ్చు." ఆమెనే ఆ పలకను యంత్రంల పెట్టింది. ఆ రోజు పాట పాడలేదు.

యంత్రం అద్దెది. శనివారానికల్ల వాపసు చెయ్యాలె. కరెంటు పొద్దుగాల రెండు గంటలు, మధ్యాహ్నం ఒక గంట. కరెంటున్నంత సేపూ ముగ్గురూ ఆగకుంట పనిచేసిండ్రు. బేస్తవారం నాడు సారు ఒక పలకను తనే విప్పి యంత్రంల పెట్టి, మీట మీద వేలు పెట్టిండు. శారమ్మ కవరు చదువుతున్నది.

"గడి ఐదు వందల రెండు. ఎనిమిది... ఏప్రిల్... అరవై ఎనిమిది. ఉదయం మూడు గంటల నలభై."

"మూడింటికి ఉదయమేంది సార్?" అన్నడు బాలన్న. "మా భీమ్‌గల్‌ల దాన్ని నడిజాము రాత్రి అంటరు. ఆ యాళ్ళకు లేస్తే దొంగ అంటరు."

"రాత్రి పన్నెండు దాటితే తారీఖు మారినట్టే కద బాలన్నా."

శారమ్మ తలెత్తింది. "మారుతదా?"

"మారుతది."

"పొద్దు పొడవకుంటనేనా? కోడి కూయకుంటనేనా?"

"గడియారంల పన్నెండు కొడితే చాలు."

"మరి ఆదివారం రాత్రి పండుకుంటే... మూడింటికి ఏం వారం సార్?"

"సోమవారం. ఎనిమిదో తా..."

"ఆగుండ్రి సార్!" శారమ్మ చెయ్యి పోయి సారు చెయ్యి మీద పడ్డది. తన పుట్టుకల సారు చెయ్యి ముట్టింది లేదు. "కోడి కూసేదాంక నాకు ఆదివారమే సార్. మొన్న నేను విన్నది శనివారం రాత్రి."

సారు గోడ గడియారం చూసిండు. కరెంటు ఉండేది ఇంకో యాభై నిమిషాలు. పక్కన పదకొండు పలకలు వరుసల ఉన్నయి. ఆయన మీట మీదికెల్లి వేలు తీసిండు.

"బాలన్నా, రిజిస్టర్ల రాయి. కరెంటు నలభై నిమిషాలు పోయింది."

"ఉన్నది కద సార్?"

"పోయింది అంటున్న."

"పోయింది సార్," అని బాలన్న రాసుకున్నడు.

శారమ్మ పలకను బయటికి తీసి రెండు చేతులల్ల పట్టుకున్నది. కాలిన చెరుకు ఆకు వాసన గోదాంల కమ్ముకున్నది. ఎద్దులను కాడికి కడుతున్న చప్పుడు. "చలా, చలా" అని ముఠా పెద్ద ఎవరినో తరుముతున్నడు. ఒక పసిపిల్ల ఏడ్చి ఊకున్నది. చాలాసేపు బండ్ల కిర్రులే. బాలన్న ఊపిరి కూడా మెల్లగ తీస్తున్నడు. అప్పుడు కాళ్ళ కడియాలు దగ్గరికొచ్చినయి. మంచం పట్టె మీద చెయ్యి పడ్డ చప్పుడైంది.

"శారూ," అన్నది తారాబాయి.

గోదాంల కూసున్న శారమ్మ పెదిమలు కదిలినయి.

తారాబాయి ఏం అడిగిందో ముగ్గురూ విన్నరు. ఆ ఎనుకనే, నిద్రల మునిగిన ఒక ఆడపిల్ల గొంతు "ఊ" అన్నది. కడియాలు ఉరికినయి. బండ్లు కదిలినయి. నలభై నిమిషాలు నిండి రాత్రి పోయింది. గంజ్‌ల హమాలీల కేకలు మళ్ళ వినబడ్డయి.

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. బాలన్న నేల దిక్కు చూసుకుంట, "నీ గొంతు అప్పుడు సన్నగ ఉండె అక్కా," అన్నడు.

"నిద్రల ఉన్నదాన్ని అడిగింది, పిచ్చిది," అన్నది శారమ్మ. లేచి పలకను తుడిచి, తనే యంత్రంల పెట్టింది. నంబరు రెండుసార్లు చదివింది. కవరు, రిజిస్టర్, టేపు, మూడూ కలిసినయి. సారు మీట నొక్కిండు.

సాయంత్రం ఒక తెల్ల కాగితం మీద, తనంతట తాను, ఎవరినీ అడగకుంట రాసింది: "మూడు రోజులు సెలవు కావాలె. కారణం, మాట ఇచ్చి ఉన్న."

సారు చదివి, "తారీఖు ఎయ్యలేదు శారమ్మా," అన్నడు.

"ఏ తారీఖు సార్, మీదా, నాదా?"

ఇంట్ల పెనిమిటి దాసు మొత్తం విని, "ఇన్నేండ్లకు పోతే ఎవరని అడుగుతదేమో. ఉన్నదో లేదో," అన్నడు.

"లేకుంటే లేదని చూసొస్త."

తెల్లారి బోధన్ పోయి బస్సు మారింది. సాలూర కాడ కండక్టర్ వచ్చి, "ఎక్కడికక్కా?" అన్నడు.

"బిలోలి. అటు దిగి సావర్‌గావ్ పోవాలె."

"సుట్టాలున్నరా?"

శారమ్మ టికెట్ పైసలు ఇచ్చింది. బస్సు మంజీర వంతెన ఎక్కింది. నీళ్ళు సన్నగ, ఇసుక నడుమ పారుతున్నయి. ఇంత చిన్న నది. ఇరవై నాలుగేండ్లు అవతల ఒక మనిషి, ఇవతల ఒక మనిషి. ఒక మనిషికి తెలుసు, ఒక మనిషికి తెల్వదు. అవతలి ఒడ్డున బస్సెక్కినోళ్ళు మరాఠీల మాట్లాడుకుంట వచ్చి పక్కన కూసున్నరు. శారమ్మ జరిగి జాగ ఇచ్చింది. ఆ ఆదివారం రాత్రి మంచం మీదికి వంగి తారాబాయి అడిగింది గింతే:

"శారూ, మా బాపు నన్ను సావర్‌గావ్‌ల ఇచ్చిండు. ఇగ నేను రాను, నువ్వే రావాలె. వస్తనంటేనే బండెక్కుత. వస్తవా?"