మబ్బుగా ఉంచండి

ఇందులో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని అడిగితే నేను తడబడతాను. మండపం లైటు ముందా, గులాబి లైటు ముందా అన్నది నిన్న కూడా నా తలలో తారుమారైంది. అయినా జరిగినవన్నీ ఉన్నాయి, ఒకటి రెండు జాగా మారితే మారనీ. పుష్పమ్మ నాకు తోడబుట్టిన అక్క. అక్క అని రాస్తే నా సంగతులు కూడా వచ్చి మధ్యలో కూర్చుంటాయి కాబట్టి పుష్పమ్మ అనే రాస్తాను.

కొత్తకోటలో బెంగళూరు రోడ్డుకు కొంచెం లోపల వాళ్ళ ఇల్లు. పొద్దున వాకిలి ఊడ్చి, చాయ్ తాగినాక స్నేహలత ముందరి అర్రలో ఉన్న అక్వేరియం లైటు వేసేది. పుష్పమ్మ దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చునేది. ఉప్పునీళ్ళ అడుగున కొబ్బరికాయంత రాయి, దాని మీద అంగీ గుండీలంత పగడపు మొగ్గలు. లైటు పడగానే అవి ఒకటొకటే విచ్చుకునేవి. ఒకటి విచ్చుకుంటే పుష్పమ్మ "గిరి" అనేది. గిరి ఆమె కొడుకు, లారీ నడుపుతాడు. ఇంకొకటి విచ్చుకుంటే "నాగరాణి" అనేది, కోడలు. మరొకటి "స్నేహ", మనుమరాలు స్నేహలత. అన్నీ విచ్చుకునేసరికి ఆమెకు ఇంట్లోవాళ్ళూ వాడకట్టూ అందరూ తెలిసిపోయేవాళ్ళు. సాయంత్రం లైటు తీసేస్తే మొగ్గలు ముడుచుకునేవి. అక్కడినుంచి ఎవరైనా సరే "ఓ పిల్లా", "ఓ పిలగా".

ఆ అక్వేరియం రోడ్డు మీది ఒక హోటల్‌ది. కరోనాలో హోటల్ మూతబడ్డప్పుడు, ఎవరు మోసుకుపోతే వాళ్ళదే అన్నాడు ఓనరు. గిరి లారీలో వేసుకొచ్చాడు. పుష్పమ్మకు పేర్లు యాది తప్పడం అప్పుడే మొదలైంది. ఆమె ఒక పేరు మరిచిపోతే అది రాయి మీద ఒక మొగ్గగా లేచేది. చుట్టాలు దానికి అలవాటు పడ్డారు. "లైటు టైముల వస్తం" అని ఫోన్ చేసి వచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు పండ్లకు బదులు సముద్రపు ఉప్పు ప్యాకెట్ తెచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

స్నేహలత పుష్పమ్మకు సొంత మనుమరాలు కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మట్టి తట్టలు మోయడానికి వచ్చిన ఒకామె, పాలు తాగే బిడ్డను పుష్పమ్మ ఒడిలో పెట్టి, "బొంబాయిల మా ఆయన పానం బాగలేదంట, చూసొస్త" అని పోయింది. మళ్ళీ రాలేదు. ఆ ఏడే రోడ్డు కోసం దాని పక్క ఇళ్ళన్నీ తీసేస్తే పుష్పమ్మ వాళ్ళు ఇటు మారారు. నేను అప్పుడు షాద్‌నగర్‌లో ఉన్నాను. గిరి క్లీనర్‌గా దేశం మీద తిరుగుతుండేవాడు. ఆ తల్లి పేరు, ఊరు తెలిసింది పుష్పమ్మ ఒక్కదానికే.

"నువ్వు అడిగిన్నాడు చెప్త" అని స్నేహలతతో చిన్నప్పటినుంచి అనేది. అడిగితే అవ్వ మనసు నొచ్చుకుంటుందేమోనని ఆ పిల్ల అడగలేదు. చదువు అయిపోయి బట్టల షాపులో పనికి కుదిరినాక, ఒకనాడు మొగ్గలన్నీ విచ్చుకొని ఉన్నప్పుడు అడిగింది.

పుష్పమ్మ వంగి రాయి అడుగున చూసింది. నీడలో నల్లగా బిగుసుకున్న మొగ్గ ఒకటి వేలితో చూపించింది.

"మీ అమ్మ పేరు గా మొగ్గలున్నది బిడ్డా. గదింక విచ్చుకోలె."

"ఎప్పుడు విచ్చుకుంటది అవ్వా?"

"నాకేమెరుక. నన్ను అడిగి ముడుచుకున్నదా?"

ఆ రోజు నుంచి స్నేహలత లైటు వేసి ముందు ఆ అడుగు మొగ్గనే చూసేది. అది కదిలేది కాదు.

అట్లాంటి సమయంలో అక్వేరియంతో వచ్చిన హోటల్ లైటు పోయింది. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ముస్తకీమ్, తన షాపు ముందర రంగుచేపలు కూడా అమ్ముతాడు. అతను వచ్చి మూత విప్పి చూసి, "దీని పని ఖతం. గీ ట్యూబులు ఇప్పుడు ఎక్కడ దొరకయి. ఎల్ఇడి పెట్టుకోవాలె. కంపెనీవి మస్తు పిరం, మనకు తగ్గది నేను దేవులాడుత, జర ఆగుండ్రి" అన్నాడు.

ఆగడం గిరికి చేతకాలేదు. పొద్దున అన్నం గిన్నె ముందు పెడితే తల్లి అతని మొహం చూసి, "ఎవరి కోసమొచ్చినవు పిలగా, ఇంట్ల మొగోళ్ళు లేరు" అన్నది. అతను గిన్నె అక్కడే పెట్టి, డెకరేషన్ వాళ్ళ దగ్గరికి పోయి పెళ్ళిమండపాలకు కట్టే ఎల్ఇడి ఫోకస్ లైటు పట్టుకొచ్చాడు.

"దీనితోని మండపమంతా ఎలుగుతది. గీ డబ్బ ఎలగదా?"

వెలిగింది. మొగ్గలు ఎన్నడూ లేనంత వెడల్పుగా విచ్చుకున్నాయి. పుష్పమ్మ ఊపిరి తీసుకోకుండా పేర్లు చదివింది. గిరి సంతోషపడి మద్రాసు లోడు ఎక్కించుకొని పోయాడు. సాయంత్రానికి రాయి పైభాగం తెల్లబడింది. మర్నాడు పైవరుస మొగ్గలు కొన్ని దూదిలా చెదిరి నీళ్ళలో తేలాయి. వాటిలో ఒకటి గిరిది.

స్నేహలత ఫోకస్ లైటు ఊడదీసి వాకిట్లో పెట్టింది. కడమ మొగ్గలు కొన్ని బతికే ఉన్నాయి కానీ బిగుసుకుపోయాయి. లోడు దింపి వచ్చిన గిరిని పుష్పమ్మ, "కూసోండ్రి డ్రైవర్ సాబ్, మంచినీళ్ళు తాగుతరా?" అన్నది.

"కొడుకునైనప్పుడు ఒక్కనాడు మీరు అనలేదు" అన్నాడు గిరి నాగరాణితో. నవ్వుదామనుకున్నాడు కానీ నవ్వు రాలేదు.

ముస్తకీమ్ బాగా కోపం చేశాడు. "సముద్రంల లోతుకు పోయినకొద్ది ఎండల మిగిలేది నీలమే. గీ పగడాలు దాని మీదనే బతుకుతయి. మీరు తీస్కపోయి నెత్తిన సూర్యుణ్ణి పెట్టిన్రు."

మధ్యలో నాగరాణి కూడా ఒకటి తెప్పించింది, మిద్దె మీద మొక్కలకు పెట్టే గులాబి రంగు లైటు. "చెట్లు పెరుగుతయని ఉన్నది దాని మీద" అన్నది. పెరిగింది పాచి. అద్దం లోపలంతా పచ్చగా జిగురు కమ్మితే స్నేహలత పాత ఏటీఎం కార్డుతో గీకి తీసింది. ఇది ఫోకస్ లైటుకు ముందు కూడా అయి ఉండొచ్చు.

చివరికి ముస్తకీమ్ ఫోన్‌లో ఒక లైటు కనిపెట్టాడు. పేరూ ఊరూ లేని నల్ల డబ్బా. రెండు నాబులు, ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకు. ఎవరో వాడి పక్కన పెట్టింది. అమ్మేది హైదరాబాదులో ఉంటున్న కాకినాడాయన. స్నేహలత ఫోన్‌లో మాట్లాడుతుంటే ముస్తకీమ్ పక్కనుంచి గుసగుసగా అందించాడు: నీలం బల్బులు ఎక్కువున్నయా తెల్లయా అడుగు, లోపల ఫ్యాను తిరుగుతదా అడుగు, ఉప్పు తగిలి తుప్పు పట్టిందా అడుగు. అన్నిటికీ సరైన జవాబు వచ్చింది. బస్సు పార్సెల్‌లో లైటు దిగింది.

పాత ఊయల కొక్కేనికి సన్న ఇనుప తీగ కట్టి, నీళ్ళకు మూరెడు ఎత్తున దాన్ని వేలాడదీశారు. ముస్తకీమ్ కరెంటు వైరును ప్లగ్గు కంటే కిందికి జారవిడిచి, మలిచి పైకి ఎక్కించాడు. "వైరు మీద నీళ్ళు జారితే గీ మలుపు కాడ బొట్టు కింద పడాలె, ప్లగ్గులకు పోవద్దు" అన్నాడు. తర్వాత నాబ్ ఎంత తిప్పాలో అడగమని స్నేహలతకు చెప్పి షాపుకు పోయాడు.

కాకినాడాయన ఓపికగానే చెప్పాడు. "ఒకసారి మాడిపోయాయంటున్నారు కాబట్టి చాలా జాగ్రత్తండి. తెలుపు అసలు ముట్టుకోవద్దు. నీలం ఒక్కటే, అదీ సన్నగా. మొదట కొన్నాళ్ళు మబ్బుగా ఉంచండి."

"మబ్బులనా అండీ?"

"ఆ, మబ్బుగానే. ఎండ తగలకూడదు."

రోడ్డు మీద లారీ హారన్ మోగింది. మంచిదండీ అని పెట్టేసింది.

మా పాలమూరులో మబ్బుల అంటే తెల్లవారక ముందటి చీకటి. మబ్బుల లేచి చేనుకు పోతాం, మబ్బుల బస్సు పట్టుకుంటాం. కాకినాడాయనకు మబ్బంటే మేఘం. ఆయన చెప్పింది, మేఘం కమ్మిన రోజులాగా పగలంతా మసకగా వేసి ఉంచమని. స్నేహలత విన్నది, తెల్లవారక ముందు వేసి, పొద్దు పొడవగానే తీసేయమని.

అట్లాగే చేసింది. కోడి కూయక ముందే లేచి నీలం నాబు సన్నగా తిప్పేది. అర్రంతా సిరా కలిపిన నీళ్ళలా అయ్యేది. మొగ్గలు కదిలేవి కావు. తెల్లారగానే తీసేసేది. ఆ తర్వాత పగలంతా అక్వేరియం నల్లగానే ఉండేది.

పుష్పమ్మకు పగలూ రాత్రీ ఒకటే అయింది. ఎవరి చేతి అన్నం ముట్టేది కాదు. "మీరెవరో మంచోళ్ళే గని, నన్ను మా ఇంట్ల దింపుండ్రి" అనేది. ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా రోడ్డు దాకా నడిచిపోయింది. నాగరాణి పరుగున పోయి చెయ్యి పట్టుకుంటే, "పట్టపగలు ఆడమనిషిని పట్టుకుంటవా" అని కొట్టింది. నాగరాణి దెబ్బ తిని, "కొట్టు అత్తా, కొట్టినా సరే నడువు" అంటూ తీసుకొచ్చింది.

ముస్తకీమ్ వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. మొగ్గలు మిరియపు గింజల్లా అయ్యాయి.

"గిట్ల చిక్కుతున్నయేంది? ఆయన సక్కగనే చెప్పిండా?"

"మబ్బులనే అన్నడు భాయ్. రెండుసార్లు అడిగిన."

"మబ్బుల మాత్రమేనా? పగలు తిండి వద్దా వీటికి?"

"నాకేం సమజ్ అయితలేదు. పగలేస్తే మల్ల మాడుతయేమో."

నాగరాణి వాతలు తేలిన చెయ్యి రుద్దుకుంటూ, "మాడితే మాడనీ. ఆకలికి సచ్చుడు కంటె నయం. పగలు ఏద్దాం" అన్నది.

స్నేహలత రాయి అడుగు మొగ్గనే చూస్తోంది. పైవి మాడితే పేర్లు పోతాయి. పోయినా, ఆ పేర్లు గల మనుషులు ఎదురుగా ఉన్నారు, తామెవరో చెప్పుకుంటారు. అడుగుదాన్ని చెప్పుకునే మనిషి ఇంట్లో లేదు.

"ఒక్క పొద్దు ఆగు అత్తమ్మా. రేపు మబ్బుల చూసి, గప్పుడు నీ ఇష్టం."

మర్నాడు ఆమె నాబు తిప్పేసరికి పుష్పమ్మ కుర్చీలో కూర్చునే ఉన్నది. నీలం వెలుగు సన్నగా దిగింది. పై మొగ్గలు మూసుకొనే ఉన్నాయి, స్నేహలత పేరున్నది కూడా. చాలాసేపు ఏమీ లేదు. బయట పాలబండి పోయింది. అప్పుడు అడుగున నీడలో, నల్లగా ఉన్నది కాస్తా పచ్చగా మెరిసింది. అంచులు వదులయ్యాయి. పగటి తెలుపులో ఎన్నడూ తెరుచుకోని ఆ మొగ్గ, ఆ నీలంలో చుట్టూ సన్నని వేళ్ళు చాచి, నడుమ నారింజ రంగు కన్నుతో విచ్చుకున్నది.

పుష్పమ్మ వెన్ను నిటారుగా అయింది.

"బక్కమ్మ" అన్నది.

స్నేహలత నాబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"నల్లగొండ దిక్కు కేతేపల్లి. గొర్ల మారయ్య బిడ్డ బక్కమ్మ. తట్ట ఎత్తుకుంటనే పాట పాడుతుండె." పుష్పమ్మ తల తిప్పి, నీలం వెలుగులో నిలబడ్డ ఆడపిల్లను చూసింది. "నువ్వెవరి పిల్లవు?"

స్నేహలత "ఈ ఇంట్లనే ఉంటనవ్వా" అన్నది.

"అట్లయితే నీతోని ఒక పనున్నది. గా బక్కమ్మ బిడ్డ మాకాడనే పెరుగుతాంది. మంచి పిల్ల, నోరు తెరిచి ఏదీ అడగదు. నాకు ఇది మల్ల యాదికుంటదో ఉండదో. నువ్వు గా పిల్లకు చెప్తవా?"

"చెప్త అవ్వా."

"ఏం చెప్తవు, అను."

"బక్కమ్మ. నల్లగొండ దిక్కు కేతేపల్లి. గొర్ల మారయ్య బిడ్డ."

"ఆ. గట్లనే అప్పజెప్పు. నేను దాయలేదని కూడ చెప్పు. గా పిల్ల అడిగే యాల్లకు నాకాడ లేకపాయె."

కిటికీ తెల్లబడింది. మొగ్గ తన వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి తీసుకున్నది. పుష్పమ్మ మళ్ళీ, నన్ను మా ఇంట్ల దింపుండ్రి అన్నది. స్నేహలత ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, ఆ మూడు మాటలు మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నది.

ఆ పొద్దున్నే ముస్తకీమ్ కాకినాడాయనకు ఫోన్ చేసి అడిగితే, ఆయన "అయ్యో, మబ్బంటే మీకు చీకటా" అన్నాడంట. నీలం సన్నగా పగలంతా వేసి ఉంచారు. కొన్నాళ్ళకు తెలుపు కూడా ఒక పిసరు కలిపారు. మిగిలిన మొగ్గలు లేచాయి. నాగరాణి పేరు లేచింది, నా పేరూ లేచింది. గిరిది లేవలేదు. అతను ఇప్పటికీ డ్రైవర్ సాబే, తల్లి అతనికి కుర్చీ చూపించి కూర్చోమంటుంది.

స్నేహలత అదంతా అయ్యేదాకా ఆగలేదు. బస్సులు మారి కేతేపల్లిలో దిగి గొర్ల మారయ్య ఇల్లు అడిగితే, ఊరి చివర చూపించారు. ఒకామె దొడ్డికి తడక కడుతూ, ఏదో కూనిరాగం తీస్తోంది. బొంబాయి నుంచి ఒంటరిగా తిరిగొచ్చి, కొత్తకోటకు పోయి, ఇళ్ళున్న చోట రోడ్డు మీద లారీలు పోతుంటే చూసి, కనిపించినవాళ్ళనల్లా అడిగి, జాడ దొరక్క, చివరికి తండ్రి ఇంటికే చేరినామె.

"ఎవరు కావాలె బిడ్డా?" అన్నది.

స్నేహలత, అవ్వ తనకు అప్పజెప్పిన మాటను ఆమెకు అప్పజెప్పింది.

స్నేహా, పండుగకు మీ అమ్మను తీసుకొని వచ్చినప్పుడు ఇది ఒకసారి చదువు. ముందువెనకలైతే అట్లాగే ఉండనీ, పేర్లు మాత్రం సరిచూడు. మీ తాత మారయ్యనా, మల్లయ్యనా అని నాకు ఈ పొద్దు అనుమానమొస్తోంది. తప్పుంటే కొట్టేసి, పక్కన నీ చేతితో రాయి.