కేతిగాని నోరు

శరత్కాల సాయంసమయమున పినాకినీ సైకతములయందలి రెల్లుపూలు వెండిచామరములవలె వీచుచుండ పశ్చిమగిరిశిఖరమున వ్రాలుచున్న భానుబింబము నదీజలములనెల్ల కుంకుమరాగరంజితములు గావించుచుండ బొమ్మలదిన్నె జనులు దివిటీలు చేతబూని ఏటి నడిమి తిప్పకేసి నడచుచుండిరి. వారి వెనుక కాళ్లీడ్చుచు వచ్చుచున్న వృద్ధుడు సిందె నారసోజి. తోలుబొమ్మలాటలో ఆ సీమయందు వానిని మించినవాడు లేడు. జనులు కాల్పబోవుచున్న వికృతాకారము వాని చేతిపనియే యని వానికిని వాని యిల్లాలు తులజమ్మకును దక్క అన్యులకు దెలియదు.

జీవితమంతయు తోలుకోతతో గడపిన ఆ శిల్పికి దైవము నిరుడు కడుపుకోత విధించెను. ఏకనాథుడను ఏకైకపుత్రుడు యౌవనారంభముననే విషజ్వరమున గతించెను. చినిగిన బొమ్మలను ఏటేట మూటగట్టి కర్పూరహారతి యిచ్చి నీట విడుచుట వారి కులాచారము. పుత్రశోకవివశుడైన నారసోజి ఆ యేటి మూటను ఏటికీయక ఇంట దాచి రాముని బాహువులను రావణుని వక్షమును భీముని తొడలను విప్పి నరములతో కుట్టి లోన రెల్లు కూరి కొడుకంత యెత్తు మనిషిని కూర్చెను. వీరుల నోళ్లన్నియు చినిగియుండ చెక్కుచెదరక మిగిలినది ఆటలో జనులను నవ్వించు కేతిగాని నోరొక్కటియే. చెవులదాక సాగిన ఆ నవ్వునే తెచ్చి ముఖమునకు అతికెను.

కన్ను తెరపించుట కట్టకడపటి పని. ఉలిమొనతో కన్ను పొడిచి "రా నాయనా" యని నారసోజి పిలిచినంతనే అతుకులన్నియు కలసి బతుకయ్యెను. ఆ ప్రాణి తండ్రిని గాంచి నోరంతయు తెరచెను. తన కడుపుమంటను చూచి పగలబడి నవ్వుచున్నదని తలంచిన నారసోజి భయకోపవివశుడై దానిని వాకిట వెడలగొట్టి గడియ వైచెను.

"నువ్వు పిలిస్తేనే గదయ్యా వచ్చింది" యని తులజమ్మ ఆనాడు దెప్పిన మాట వాని చెవిలో ములుకై నిలిచిపోయెను.

ఆ ప్రాణి తిప్పమీది రెల్లులో దాగి మనుజుల పొందుకోరి పలుమార్లు ఊరికి వచ్చెను. ఎఱిగినది ఆటలోని భాషయే గావున కిరీటధారివలె గంభీరముగా పలుకుచు విదూషకునివలె ఇకిలించు ఆ రూపమును గని పిల్లలు జడిసిరి. పెద్దలు రాళ్లు రువ్విరి. ఆ ఉదయము కుమ్మరి గంగులప్ప తన భార్య పాడెను రేవున దింపగా అది వచ్చి శవము పాదములకడ కూర్చుండి నోరు తెరచెను.

"సచ్చినోళ్లను జూసి నగుతాదా? ఈ పొద్దు దాన్ని కాల్చకపోతే నేను మనిషినే కాదు" అని గంగులప్ప పట్టిన పంతమే ఇందఱను ఇటకు నడపించెను.

దివిటీల వెలుగునకు ఆ ప్రాణి రెల్లునుండి వెలువడెను. పాఱిపోలేదు. జనులనందఱను దాటి నారసోజి యెదుట మోకాళ్లూనెను.

"జనకా, పిలిచితివి. వచ్చితిని. వచ్చినవాని నేల వెడలగొట్టితివి?"

పలుకుచున్నంతసేపును నోరు నవ్వుచునే యుండెను. గంగులప్ప ఓర్వలేక దివిటీ విసరెను. ఎండుతోలు భగ్గుమనెను. నారసోజి తన పైపంచెతో మంటనార్పుచు దానిని రెండు చేతుల పొదివికొనగా వాని భుజము తడిసెను. తలయెత్తి చూడగా దాని కన్నులక్రింద తాను పూసిన ఎఱ్ఱరంగును నల్లరంగును కరగి చారలై ఆ నవ్వుమీదుగా గడ్డమునకు దిగుచుండెను.

కాలిన చేతులతో దానిని ఒడిని జేర్చుకొని వృద్ధుడు జనులకెల్ల వినబడునట్లు చెప్పెను.

"నగలేదప్పా. ఇది ఎన్నడూ నగలేదు. దీనికుండేది కేతిగాని నోరు. నేనే కుట్టినా. ఏడ్సినా నగినట్లే అగుపిస్తాది. నీ పెండ్లాము కాళ్లకాడ గూడా ఏడ్సింది గంగులప్పా. పుట్టినపొద్దు నన్ను జూసీ ఏడ్సింది. పుట్టిన బిడ్డ ఏడుస్తాదని తెలిసీ తలుపేసినా."

దివిటీలు ఒకటొకటిగా నీట మునిగి చుయ్యిమనెను. వేడికి తోలు ముడుచుకొనిపోగా కేతిగాని పెదవులు తొలిసారిగా దగ్గఱయ్యెను. ఒడిలోని మేను మఱి కదలలేదు. గంగులప్ప మెల్లగా దాపునకు వచ్చి భార్య దహనమునకు తెచ్చినదానిలో మిగిలిన కర్పూరపుబిళ్లను మొలనుండి తీసి నారసోజి చేత నుంచెను.