శ్యామల కాచిన మసాలా బీరు

శ్యామలాదేవి నోటి దూకుడు అంతా ఇంతా కాదు. లేకపోతే జన్మలో బీరు వాసన చూడని మనిషి ముప్పై మందికి మసాలా బీరు కాస్తానని ఒప్పుకుంటుందా?

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ పెరట్లో ప్రతి డిసెంబర్లోనూ ఇదో ఆనవాయితీ. కింది ఫ్లాటు ముసలావిడ హిల్డెగార్డ్ పెద్ద గుండిగలో నల్ల బీరు పోసి, దాల్చినచెక్క, లవంగాలు, తేనె వేసి కాచి అందరికీ పోస్తుంది. ఈ ఏడు ఆవిడ చెయ్యి విరిగింది. "నేను చేస్తాను" అని మన శ్యామల అందరికంటే ముందు లేచింది. రెండేళ్లుగా మెట్ల మీద "హలో" తప్ప ఇంకో మాట లేని ఇరుగుపొరుగు మరి. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే తనూ వాళ్లలో మనిషైపోతానని ఆశ.

"కాస్తావు సరే, రుచి ఎవరు చూస్తారు?" అన్నాడు మొగుడు రవీంద్రనాథ్. అయ్యప్ప మాలలో ఉన్నాడాయన. గుండిగ దరిదాపులకే రానన్నాడు.

"నైవేద్యం రుచి చూసే వండుతున్నామా? నాకు వాసన చాలు స్వామీ!"

సాయంత్రం పెరట్లో కరెంటు పొయ్యి మీద బీరు వేడెక్కింది. చారు కాచినట్టే, అంచున నురగ కట్టగానే సెగ తగ్గించింది. అంతవరకూ బాగానే ఉంది. అదే ఊపులో చెయ్యి తనంతట తను, లవంగాల కోసం కిందికి తెచ్చుకున్న పోపులడబ్బాలోకి పోయింది. చారు కోసం దంచుకున్న మిరియాలు గుప్పెడు గుండిగలో పడ్డాయి. ఇంకేముంది, కొంప మునిగింది! పారబోద్దామంటే జనం అప్పటికే కప్పులు పట్టుకుని వరసలో ఉన్నారు. చేసేది లేక అలాగే పోసింది.

మొదటాయన తాగి దగ్గాడు. రెండో ఆవిడ ముక్కు తుడుచుకుంది. చచ్చాన్రా దేవుడా అనుకుంది శ్యామల. ఆ దగ్గినాయనే కప్పు చాపి, "ఇంకొంచెం" అన్నాడు. ఆ తర్వాత వరస తరిగితేనా! తాగినవాళ్లే మళ్లీ చివరికెళ్లి నిలబడ్డారు. పేరడిగారు, ఊరడిగారు. ఒకావిడ తన ఉన్ని టోపీ తీసి శ్యామల తలకి పెట్టేసింది. సంతోషంతో శ్యామలకి కాళ్లు నేల మీద నిలవలేదు.

హిల్డెగార్డ్ మాత్రం కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. శ్యామల భయంభయంగా దగ్గరికెళ్లి, మిరియాల సంగతి చెప్పి, "తప్పయిపోయిందండీ" అంది.

ముసలావిడ ఖాళీ కప్పులోకి చూసుకుంది. "ముప్పై ఏళ్లు కాచానమ్మా. ఒక్కరంటే ఒక్కరు రెండో కప్పు అడగలేదు."

శ్యామల మళ్లీ తప్పయిపోయిందనబోయింది. అంతలో ఆవిడ కట్టు లేని చేత్తో కప్పు చాపి పకపకా నవ్వింది.

"నాకు రెండోది పొయ్యమ్మా. అడుగు నుంచి తీసి, మిరియాలు బాగా తగిలేట్టు!"